పాత స్కెచ్ కామెడీ పదేళ్ల పిల్లలకు నప్పుతుందా? ఏది ఇప్పుడు, ఏది ఇంకొన్నాళ్లు ఆగి

9 నుంచి 12 ఏళ్ల పిల్లలకు పాత స్కెచ్ కామెడీ, అంటే విడివిడి చిన్న హాస్య ఘట్టాల కూర్పుగా వచ్చే టీవీ షోలు, చూపించవచ్చా అని అడిగేవారు సాధారణంగా ఒక షో పేరు చెప్పి, అవునో కాదో తేల్చమంటారు. అలా ఒక్క మాటలో తేలే వ్యవహారం కాదిది. సినిమా అయితే మొదటి పావుగంట చూసి మిగతాది ఏ దారిన పోతుందో అంచనా వేయవచ్చు. స్కెచ్ కామెడీలో మూడు నాలుగు నిమిషాలకొకసారి మనుషులు, చోటు, కాలం, హాస్యం తీరు అన్నీ మారిపోతాయి. ఇప్పుడే ఒకాయన వింత నడక నడిచి పిల్లలను పొట్ట పట్టుకుని నవ్వేలా చేశాడు కదా అని మనం పక్క గదిలోకి వెళితే, తిరిగొచ్చేసరికి తెర మీద శవాన్ని ఏం చేయాలన్న చర్చ నడుస్తూ ఉంటుంది. కాబట్టి అసలు తీర్పు స్కెచ్ స్కెచ్‌కూ విడిగా ఇవ్వవలసిందే. షోలను పోల్చి చూడటం వల్ల ప్రయోజనం ఏమిటంటే, దేనికి మన కాపలా ఎంత కావాలో ముందే తెలుస్తుంది.

ఇక్కడ పాతవి అంటున్నది 1960ల చివరి నుంచి 1990ల దాకా అమెరికా, బ్రిటన్, కెనడా టెలివిజన్లలో వచ్చినవాటిని. నా వరస ముందే చెప్పేస్తాను: మొదట మపెట్ షో, ఆ తర్వాత కెరోల్ బర్నెట్ షో, ఆపైన మాంటీ పైథాన్ నుంచి ఏరిన స్కెచ్‌లు. సాటర్‌డే నైట్ లైవ్ తొలి సీజన్లు పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేదాకా ఆగవచ్చు. బెన్నీ హిల్ ఎప్పటికీ చూపించకపోయినా పిల్లలకు పోయేదేమీ లేదు.

బూతు సంగతి తర్వాత

పెద్దవాళ్లు మొట్టమొదట వెతికేది బూతుమాటలు. పాత టెలివిజన్‌లో అవి దొరకడం అరుదు. అమెరికాలో ప్రతి నెట్‌వర్క్‌కూ స్క్రిప్టు చదివి గీతలు కొట్టే విభాగం ఉండేది. బ్రిటన్‌లో రాత్రి 9 గంటల లోపు ప్రసారమయ్యేవాటికి వేరే కట్టుబాటు ఉండేది. ఆ కట్టడి వల్ల రచయితలు ద్వంద్వార్థాలకు దిగారు. అయితే పదేళ్ల పిల్లలకు ద్వంద్వార్థం చాలావరకు తలపై నుంచి పోతుంది. పన్నెండేళ్లవాళ్లకు సగం అర్థమవుతుంది, ఆ సగం వాళ్లు స్నేహితుల దగ్గర అప్పటికే విన్నదై ఉంటుంది. అందుకే నేను దాని గురించి పెద్దగా బెంగపెట్టుకోను.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరడీ. పాత స్కెచ్ కామెడీలో సగానికి సగం ఏదో ఒకదానికి వెక్కిరింత: అప్పటి సినిమాకు, అప్పటి వార్తల యాంకరుకు, అప్పటి అధ్యక్షుడికి, అప్పటి సబ్బు ప్రకటనకు. అసలు తెలియనివాళ్లకు నకలు చూపిస్తే నవ్వెక్కడి నుంచి వస్తుంది? మనం పగలబడి నవ్వుతుంటే పిల్లలు తెర వంక కాక మన ముఖం వంక చూస్తారు. ఆపి వివరిస్తే హాస్యం పాఠమైపోతుంది. చెడిపోతారన్న భయం కన్నా విసుగుపుట్టి ఈ ప్రక్రియనే శాశ్వతంగా వదిలేస్తారన్న భయం నాకు ఎక్కువ.

అన్నిటికన్నా నిదానంగా చూడవలసింది మరొకటి ఉంది. నవ్వు ఎవరి మీద? ఈ ప్రశ్న ఒక్కటి వేసుకుంటే ఎంపిక సగం పూర్తయినట్టే. తనను తాను గొప్పవాడిననుకునే అధికారి బోల్తా పడితే నవ్వు ఆ డాబు మీద. యాస ఉన్న మనిషి మాట్లాడటమే హాస్యంగా చూపిస్తే నవ్వు ఆ యాస మీద, అంటే ఆ యాసలో మాట్లాడే అందరి మీద. ముఖానికి రంగు పూసుకుని వేరే జాతి మనిషిగా నటించడం, లావుగా ఉన్న స్త్రీ కనబడితే చాలు నవ్వు మొదలవడం, ఆడంగి నడకను జోకుగా వాడటం, ఇవి ఆ రోజుల్లో మంచి పేరున్న షోలలో కూడా మామూలే. 10, 11 ఏళ్ల వయసు అనుకరించే వయసు. ద్వంద్వార్థాన్ని పట్టుకోలేని పిల్లలు యాసను మాత్రం రెండు నిమిషాల్లో పట్టుకుంటారు, మరునాడు తరగతిలో ఎవరినో ఏడిపించడానికి వాడుతారు. పైగా తెర మీద నిండు హాలు నవ్వుతోంది. ఇంతమంది నవ్వుతున్నారంటే ఇది నవ్వదగినదే అన్న సంకేతం ఆ చప్పుడులోనే అందుతుంది.

రేటింగ్ చూసుకుంటే సరిపోదా అంటే, చాలదు. అమెరికాలో టీవీ-జి, టీవీ-పిజి, టీవీ-14 లాంటి గుర్తులు 1997లో వచ్చాయి. ఈ షోలలో ఎక్కువ భాగం అప్పటికే ప్రసారమై ముగిశాయి కనుక వాటికి ఇప్పుడు కనబడే గుర్తు తర్వాత ఎవరో వేసినది. ఆ గుర్తు పక్కన వచ్చే అక్షరాలు హింస, శృంగారం, భాష, కొంటె సంభాషణల గురించి చెబుతాయి. మనుషులను ఎగతాళి చేయడానికి అక్షరమేదీ లేదు.

మపెట్ షోనా, కెరోల్ బర్నెట్టా

మొదలుపెట్టడానికి ఈ రెండింటికీ మధ్యే అసలు పోటీ.

బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్ తీసిన మపెట్ షో 1976 నుంచి 1981 దాకా 120 ఎపిసోడ్లు వచ్చింది. బొమ్మలున్నాయి కాబట్టి చంటిపిల్లల కార్యక్రమం అనుకుని పన్నెండేళ్లవాళ్లు ముఖం చిట్లిస్తారు. నిజానికి హెన్సన్ దీన్ని ఇంటిల్లిపాదీ చూసే షోగా తీర్చాడు. అమెరికా నెట్‌వర్కులు ముందుకు రాకపోతే బ్రిటిష్ టీవీ నిర్మాత ల్యూ గ్రేడ్ డబ్బు పెట్టి ఇంగ్లండులోనే తీయించాడు. ఇందులో రెండు అంచెల హాస్యం ఉంది. వేదిక మీద పాటలు, పేలుళ్లు, కోళ్లు, ఎవరికీ అర్థం కాని భాషలో వంట చేసే స్వీడిష్ చెఫ్. వేదిక వెనక ప్రతి వారం కుప్పకూలబోయే ప్రదర్శనను ఎలాగోలా నెట్టుకొచ్చే కప్ప బొమ్మ కెర్మిట్ అవస్థ. ఎనిమిదేళ్లవాళ్లు పేలుళ్లకు నవ్వుతారు, పదకొండేళ్లవాళ్లు కెర్మిట్ అవస్థకు నవ్వుతారు. పై బాల్కనీలో కూర్చుని షోను తిట్టిపోసే స్టాట్లర్, వాల్డార్ఫ్ అనే ఇద్దరు ముసలివాళ్లు ఆ వయసు పిల్లలకు మరీ ఇష్టులు. వెటకారం అప్పుడప్పుడే రుచి తెలుస్తున్న వయసు కదా.

ఇక్కడా జాగ్రత్త అక్కర్లేదని కాదు. 2021లో డిస్నీ తన స్ట్రీమింగ్ సేవలో ఈ షోను పెట్టినప్పుడు 18 ఎపిసోడ్ల ముందు హెచ్చరిక చేర్చింది, కొన్ని జాతులను, సంస్కృతులను చూపిన తీరు తప్పుగా ఉందని. జానీ క్యాష్ వచ్చిన ఎపిసోడ్‌లో వెనక అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని సమర్థించిన దక్షిణాది రాష్ట్రాల జెండా కనిపిస్తుంది. నా వరకు ఆ హెచ్చరిక ఒక సౌకర్యం. ఏ ఎపిసోడ్‌ను పక్కన కూర్చుని చూడాలో అదే చెప్పేస్తోంది. అసలు లోపం వేరే ఉంది: ప్రతి ఎపిసోడ్‌కూ ఒక అతిథి, ఆ అతిథుల్లో ఎక్కువమంది నేటి పిల్లలకు ముక్కూ ముఖం తెలియనివాళ్లు. పాట సుదీర్ఘంగా సాగుతుంటే పిల్లలు లేచిపోతారు. లేచిపోనివ్వండి, పంది బొమ్మలు అంతరిక్ష నౌకలో తిరిగే పిగ్స్ ఇన్ స్పేస్ రాగానే వాళ్లే వస్తారు.

అమెరికన్ హాస్యనటి కెరోల్ బర్నెట్ పేరిట వచ్చిన కెరోల్ బర్నెట్ షో 1967 సెప్టెంబరు నుంచి 1978 మార్చి దాకా సీబీఎస్‌లో 11 సీజన్లు నడిచింది. దీని బలం మనుషుల ముఖాలు. ఒక్క ఉదాహరణ చాలు. 1969 నాటి దంతవైద్యుడి స్కెచ్‌లో టిమ్ కాన్వే అప్పుడే చదువు ముగించుకున్న డాక్టరు, హార్వీ కోర్మన్ అతని మొదటి రోగి. మత్తు సూది రోగికి పొడవబోయి డాక్టరు తన చేతికే పొడుచుకుంటాడు. చేయి మొద్దుబారి వేలాడుతుంది. ఆ చేతిని ఈ చేత్తో ఎత్తి బల్ల మీద పెడతాడు, అది జారిపోతుంది. తర్వాత సూది కాలికి దిగుతుంది. ఇక ఒంటికాలి మీద, ఒంటిచేత్తో, పుస్తకం తిరగేస్తూ వైద్యం సాగుతుంది. ఇందులో మాటలు తక్కువ, తెలియవలసిన నేపథ్యం ఏదీ లేదు, నవ్వు పూర్తిగా ఆ డాక్టరు చేతకానితనం మీద. వీటన్నిటికీ మించి ఒక సంగతి పిల్లలు వెంటనే కనిపెడతారు: కుర్చీలో పడుకున్న కోర్మన్ నవ్వు ఆపుకోలేక ముఖం దాచుకుంటున్నాడు. నటుడే ఓడిపోతున్నాడు! తరగతిలో నవ్వకూడని సమయంలో నవ్వు ముంచుకొచ్చిన ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ ఆ అవస్థ తెలుసు. అందుకే ఈ స్కెచ్ వయసుతో, దేశంతో నిమిత్తం లేకుండా పండుతుంది.

ఇదే షోలో పేరడీలు బోలెడు, వాటిలో చాలావరకు 1930లు, 40ల హాలీవుడ్ సినిమాల మీద. పైన చెప్పిన ఇబ్బంది ఇక్కడే. 1976లో వచ్చిన, గాన్ విత్ ద విండ్ సినిమా మీద తీసిన పేరడీ మాత్రం మినహాయింపు అనవచ్చు. కథానాయిక కిటికీ తెరలు చించి గౌను కుట్టుకుంటుంది, బర్నెట్ ఆ గౌనులో మెట్లు దిగి వస్తుంటే కర్టెన్ కడ్డీ ఇంకా భుజాల మీద అడ్డంగానే ఉంటుంది. బాబ్ మాకీ రూపొందించిన ఆ దుస్తులు ఇప్పుడు అమెరికాలో స్మిత్సోనియన్ వారి మ్యూజియంలో ఉన్నాయి. సినిమా తెలియని పిల్లలు కడ్డీకి నవ్వుతారు, అది చాలు. అయితే స్కెచ్ మొత్తం పొడవైనది. ఆ మెట్ల దృశ్యం దాకా పిల్లలను కూర్చోబెట్టాలంటే ముందు ఒక్క వాక్యంలో కథ చెప్పి ఉంచండి.

ఫ్యామిలీ అనే వరస స్కెచ్‌లు మాత్రం వేరే సంగతి. యూనిస్, ఆమె తల్లి, భర్త ఒకరినొకరు పొడుచుకుంటూ, అరుచుకుంటూ సాగే ఇంటి గొడవలు అవి. పెద్దలకు అవి గొప్ప నటన. పిల్లలకు, ముఖ్యంగా ఇంట్లో అరుపులు విన్న పిల్లలకు, అవి నవ్వు పుట్టించవు, కలవరపెడతాయి. బూతు లేదు, నెత్తురు లేదు, రేటింగ్‌లో పట్టుబడేది ఏదీ లేదు. అయినా పన్నెండేళ్ల లోపువారికి నేను చూపించను.

అసలు షో గంట నిడివిది, పాటలు, నృత్యాలు కలిపి. స్కెచ్‌లను మాత్రమే ఏర్చి అరగంటకు కుదించి కెరోల్ బర్నెట్ అండ్ ఫ్రెండ్స్ పేరుతో తర్వాత పునఃప్రసారాలకు ఇచ్చారు. దొరికితే పిల్లలకు అదే మేలు.

రెండింటిలో ఏది ముందు? కథలు, పాత్రలు ఇష్టపడే పిల్లలకు మపెట్ షో. మనుషులు పడటం, తడబడటం చూసి నవ్వే పిల్లలకు బర్నెట్. బొమ్మలంటే నామోషీ అనుకునే పన్నెండేళ్లవాళ్లకు నేరుగా ఆ దంతవైద్యుడే.

మాంటీ పైథాన్: ఏరుకోక తప్పదు

1969 అక్టోబరు 5న బీబీసీలో మొదలై 1974 డిసెంబరులో ముగిసిన మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్ మొత్తం 45 ఎపిసోడ్లు. ఈ జాబితాలో పిల్లలకు అత్యంత ఇష్టమయ్యే స్కెచ్‌లూ ఇందులోనే ఉన్నాయి, అత్యంత ఇరకాటంలో పెట్టేవీ ఇందులోనే ఉన్నాయి. ఒక్కోసారి ఒకే ఎపిసోడ్‌లో.

పదేళ్ల పిల్లలకు పైథాన్ ఎందుకు అంతగా పడుతుందంటే, వాళ్ల తర్కమూ ఆ షో తర్కమూ ఒకటే. పెద్దల ప్రపంచంలో నియమాలన్నీ ఎవరో గంభీరంగా కనిపెట్టినవేనన్న అనుమానం ఆ వయసులో మొదలవుతుంది. 1970లో వచ్చిన వింత నడకల మంత్రిత్వశాఖ స్కెచ్ ఆ అనుమానాన్ని నిజం చేస్తుంది. కోటు, టోపీ, చేతిలో బ్రీఫ్‌కేసుతో జాన్ క్లీజ్ కార్యాలయానికి వస్తాడు, మోకాలు గడ్డం దాకా లేస్తుంది. ఆ నడకకు ప్రభుత్వ నిధులు, దరఖాస్తులు, బడ్జెట్ లోటు. ముఖంలో ఒక్క కండరం కదలదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ మామూలుగా నడవరని ముందే సిద్ధపడండి. డబ్బు కట్టి వాదన కొనుక్కునే కార్యాలయం స్కెచ్ ఇంకా మేలు. అవును, కాదు, అవును, కాదు అని పిల్లలు రోజూ చేసే గొడవనే అక్కడ ఒకాయన రుసుము తీసుకుని చేస్తాడు, సమయం అయిపోగానే ఆపేస్తాడు. చచ్చిన చిలుకను అమ్మిన దుకాణదారు, ఎవరూ ఊహించని వేళ తలుపు తోసుకొచ్చే స్పానిష్ మతవిచారణాధికారులు, చేపలతో చెంపలు కొట్టుకునే నృత్యం, ఇవన్నీ నిర్భయంగా చూపించదగినవి. చిలుక స్కెచ్ దాదాపు మొత్తం మాటల మీదే నడుస్తుంది కనుక ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలకే ఉంచండి.

ఇక రెండో వైపు. పైథాన్ బృందంలోని టెర్రీ గిలియం యానిమేషన్లలో నగ్న బొమ్మలు ఉన్నట్టుండి దిగుతాయి. బట్టల్లేని ఆర్గన్ వాయిద్యగాడు పదే పదే వస్తాడు. అదేమంత పెద్ద విషయం కాదు, పిల్లలు కిసుక్కున నవ్వి ఊరుకుంటారు. కానీ రెండో సిరీస్ చివర, 1970లో, అంత్యక్రియల దుకాణం స్కెచ్ ఒకటి ఉంది. తల్లి శవాన్ని సంచిలో తెచ్చిన కొడుకుకు దుకాణదారు ఇచ్చే సలహా శవాన్ని తినమని. బీబీసీకే మింగుడుపడక, స్టూడియోలోని ప్రేక్షకులు గోలపెట్టి వేదిక మీదికి దూసుకొచ్చేలా చూపిస్తేనే ప్రసారం చేస్తామంది. అలాగే చేశారు. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా కోల్పోయిన పిల్లల ముందు ఇది పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

స్త్రీల విషయంలోనూ పైథాన్ రికార్డు గొప్పగా లేదు. బృందంలోని ఆరుగురూ మగవాళ్లే, పెద్దావిడ వేషాలన్నీ వాళ్లే కీచుగొంతుతో వేశారు. నిజమైన నటీమణులకు తరచుగా దక్కింది లోదుస్తుల్లో నిలబడే పని. పదకొండేళ్ల అమ్మాయి పక్కన కూర్చుని చూస్తే ఈ లెక్క మనకన్నా ముందు తనే అడుగుతుంది. అడిగితే సమర్థించకండి.

కాబట్టి పైథాన్‌కు పూర్తి ఎపిసోడ్ల పద్ధతి వద్దు. విడి స్కెచ్‌లే. ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చే ఆ అల్లిక పోతుందన్న మాట నిజమే, పైథాన్ గొప్పతనంలో అది పెద్ద భాగం కూడా. ఆ నష్టం భరించవచ్చు. పదిహేనేళ్లకు తిరిగి మొత్తం చూసుకుంటారు. క్లీజ్ నాలుగో సిరీస్‌లో లేడు, ఆ ఆరు ఎపిసోడ్ల నుంచి ఏరవలసినవి నాకైతే పెద్దగా కనబడలేదు.

సాటర్‌డే నైట్ లైవ్‌ను ఎందుకు ఆపమంటున్నాను

1975 అక్టోబరు 11న ఎన్‌బీసీలో ఈ షో మొదలైనప్పుడు అందులోని నటబృందానికి పెట్టిన పేరుకు అర్థం, ప్రైమ్ టైమ్‌కు ఇంకా సిద్ధం కాని నటులు అని. రాత్రి 11.30కు వచ్చే షో కనుక అది చమత్కారమే, నిజం కూడా. మాదకద్రవ్యాల మీద జోకులు తొలి సీజన్ల నిండా ఉన్నాయి. 1975 డిసెంబరులో రిచర్డ్ ప్రయర్, చెవీ ఛేజ్ చేసిన ఉద్యోగ ఇంటర్వ్యూ స్కెచ్‌ను అమెరికా టెలివిజన్ చరిత్రలో మేలిమి వ్యంగ్యంగా చెబుతారు. అందులో తిట్లన్నీ జాతిని కించపరిచేవి, ఆ తిట్ల బరువు తెలిసినవాళ్లకే దాని పదును తెలుస్తుంది. పదేళ్లవాళ్లకు మిగిలేది తిట్లు మాత్రమే. జాన్ బెలుషి సమురాయ్ పాత్రలో కత్తి విన్యాసం పిల్లలకు నచ్చుతుంది, జపనీస్‌లా వినబడే గొణుగుడు కూడా నచ్చుతుంది. చిక్కు అదే.

మరొక సంగతి. ఈ షో 90 నిమిషాలది, ప్రత్యక్ష ప్రసారం, వారం వార్తల మీద ఆధారపడ్డది. అప్పటి అమెరికా అధ్యక్షుడు గెరాల్డ్ ఫోర్డ్ తూలిపడటం మీద ఛేజ్ చేసిన హాస్యంలో పడటం అర్థమవుతుంది, ఫోర్డ్ ఎవరో చెప్పాలి. మధ్యలో చప్పగా సాగిన స్కెచ్‌లు పెద్దవాళ్లకే ఓపికకు పరీక్ష.

అయినా ఏరుకోవచ్చు. తలుపు తట్టి, మిఠాయి టెలిగ్రాం తెచ్చానని నమ్మబలికే సొరచేప 1975 నాటిది, ఏ పదేళ్ల పిల్లలకైనా పండుతుంది. చేపను మిక్సీలో వేసి తిప్పే 1976 నాటి నకిలీ ప్రకటన కూడా, జుగుప్స అంటే ఇష్టపడే ఆ వయసుకు సరిగ్గా సరిపోతుంది. 1978లో డాన్ ఐక్రాయిడ్ వంటల నిపుణురాలు జూలియా చైల్డ్‌గా వేలు కోసుకుని, నెత్తురు చిమ్ముతున్నా వంట పాఠం ఆపని స్కెచ్ నాకు ఎంతో ఇష్టం. నెత్తురు చూసి కళ్లు తిరిగే పిల్లలుంటే మానండి. శంకువు ఆకారపు తలలతో, తాము ఫ్రాన్స్ నుంచి వచ్చామని చెప్పుకునే కోన్‌హెడ్స్ కుటుంబం పన్నెండేళ్లకు బాగుంటుంది.

పిల్లల కోసమే తీసినవి

పిల్లల చానెల్‌లో వచ్చింది కదా అని కళ్లు మూసుకుని పెట్టేయవచ్చా? 1979లో కెనడాలోని అటావాలో మొదలై, తర్వాత పిల్లల చానెల్ నికలోడియన్ ద్వారా అమెరికా అంతటా తెలిసిన యూ కాంట్ డూ దట్ ఆన్ టెలివిజన్‌లో నటులు పిల్లలు. పెద్దల పాత్రలు దాదాపు అన్నీ లెస్ లై, అబీ హాగ్యార్డ్ ఇద్దరివే. ఎవరైనా తెలియదు అన్నారంటే నెత్తిన పచ్చటి జిగురు పడుతుంది, నీళ్లు అన్నారంటే నీళ్లు. పిల్లలు పెద్దలను ఎదిరించే ఆ కొంటెతనం ఇప్పటికీ తాజాగా ఉంది. కానీ ఫైరింగ్ స్క్వాడ్ ముందు పిల్లవాడు, చెరసాలలో గొలుసులతో పిల్లవాడు అందులో రోజువారీ జోకులు. దత్తత మీద 1987లో తీసిన ఎపిసోడ్‌ను నికలోడియనే ఆ తర్వాత ప్రసారం నుంచి తీసేసింది. దత్తత పిల్లలున్న ఇంట్లో ఆ జోకులు ఎలా వినిపిస్తాయో వేరే చెప్పనక్కరలేదు.

1994లో నికలోడియన్‌లో వచ్చిన ఆల్ దట్ షో ఈ వయసుకు భాషలోను, వేగంలోను అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది. కెనన్ థాంప్సన్, కెల్ మిచెల్ జంట హాస్యం ఇప్పటికీ నిలుస్తుంది. థాంప్సన్ 2003లో సాటర్‌డే నైట్ లైవ్‌కు వెళ్లాడన్నది పిల్లలకు చెబితే ఆసక్తిగా వింటారు. ఆ కాలపు నికలోడియన్ షోల చిత్రీకరణలో బాలనటులతో వ్యవహరించిన తీరు మీద 2024లో తీవ్రమైన విమర్శలు వచ్చాయి. దాంతో కొందరు తల్లిదండ్రులు వాటిని పక్కన పెట్టారు. ఇది తెర మీది దానికన్నా తెర వెనక దానికి సంబంధించిన నిర్ణయం, ఎవరికి వారు తీసుకోవలసినది.

ఒక్క మాటలో తేలిపోయేవి కొన్ని. రోవన్ అండ్ మార్టిన్స్ లాఫ్-ఇన్ (1968-73) జోకుల వేగం నేటి పొట్టి వీడియోలకు తాతలాంటిది, కానీ జోకులన్నీ 1968 వార్తలే. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న నిక్సన్ వచ్చి ఒక్క ముక్క మాట్లాడి వెళ్లిన సంగతి చరిత్ర పాఠంలో పనికొస్తుంది, నవ్వుకు కాదు. ఇన్ లివింగ్ కలర్ (1990-94)లో జిమ్ క్యారీ ముఖం పిల్లలను ఆకట్టుకుంటుంది. అయితే స్వలింగ సంపర్కులను వెక్కిరించే స్కెచ్‌లు ఆ షోకు ముఖ్యమైన ఆకర్షణగా ఉండేవి. పదిహేను దాటాక చూడవచ్చు. ఇద్దరు బ్రిటిష్ హాస్యనటుల టూ రోనీస్ సాధువైనదే, కానీ మాటల గారడీ మీద బతుకుతుంది. బెన్నీ హిల్ అంటే వేగంగా తిప్పిన ఫిల్ములో చాలీచాలని బట్టల ఆడవాళ్లు, వెంట పరుగెత్తే మగవాళ్లు. ఆ పరుగుకు పిల్లలు నవ్వుతారు, అందుకే వద్దంటున్నాను. మిస్టర్ బీన్ కచ్చితంగా స్కెచ్ షో అనలేం గానీ, తొలి ఎపిసోడ్ (1990 జనవరి 1) మొత్తం స్కెచ్‌ల కూర్పే. పరీక్ష హాలులో తప్పు ప్రశ్నపత్రం తీసి చూసుకున్న బీన్‌ను అర్థం చేసుకోవడానికి ఏ భాషా అక్కరలేదు.

భాష, నిడివి, తోడు

ఇంగ్లీషు ఇంటి భాష కాని పిల్లలకు ఈ షోలను పోల్చవలసిన కొలబద్ద మరొకటి ఉంది: ఒంటితో చేసే హాస్యం ఎంత, నోటితో చేసేది ఎంత. బీన్, కాన్వే, స్వీడిష్ చెఫ్, వింత నడకలు ఒక వైపు. టూ రోనీస్, చిలుక, వార్తల యాంకరు జోకులు మరో వైపు. సబ్‌టైటిల్స్ సాయపడతాయి, కానీ హాస్యానికి ఒక నష్టం చేస్తాయి. ముక్తాయింపు మాట నటుడి నోట రాకముందే తెర కింద కనబడిపోతుంది. చదవడంలో చురుకైన పిల్లలు ముందే నవ్వేస్తారు, నిదానంగా చదివేవాళ్లు అందరూ నవ్వాక నవ్వుతారు. రెండోసారి చూసేటప్పుడు సబ్‌టైటిల్స్ తీసేస్తే రెండు గొడవలూ పోతాయి. పిల్లలు ఎలాగూ రెండోసారి అడుగుతారు.

విడి క్లిప్పులా, పూర్తి ఎపిసోడా? పైథాన్, సాటర్‌డే నైట్ లైవ్ క్లిప్పులే. మపెట్, బర్నెట్ అరగంట కూర్పు పూర్తిగా. క్లిప్పులు చూపేటప్పుడు ఫోను పిల్లల చేతికి ఇవ్వకండి. ఒకటి అవగానే వెనువెంటనే వచ్చే రెండోది మనం ఎంచినది కాదు. పక్కనే ఉండి చూడాలా అంటే, మొదటి రెండు మూడుసార్లు తప్పనిసరి. పర్యవేక్షణ ఒక్కటే కారణం కాదు. ఒంటరిగా చూసేవాళ్లు ఇలాంటివాటికి పైకి నవ్వరు, పక్కన ఇంకొకరుంటే అదే స్కెచ్ రెట్టింపు పండుతుంది. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ముల మధ్య నాలుగేళ్ల తేడా ఉంటే చిన్నవాళ్ల వయసును బట్టే ఎంచండి. పెద్దవాళ్లకు విడిగా ఒక పూట ఇవ్వవచ్చు.

ముందే చూసి ఉంచమని అందరూ చెబుతారు, నేనూ చెబుతున్నాను. చిన్నప్పటి జ్ఞాపకాన్ని నమ్మి పెట్టవద్దు. మనకు గుర్తుండేది నవ్వొచ్చిన రెండు నిమిషాలే, ఆ రెండు నిమిషాలకు అటూ ఇటూ ఏముందో ఎవరికీ గుర్తుండదు. ఎంత చూసి ఉంచినా ఏదో ఒకటి జారుతుంది. ముఖానికి నల్లరంగు పూసుకున్న నటుడు తెర మీదికి వస్తే రిమోట్ వైపు దూకడం కన్నా, ఆపి, అప్పట్లో ఇలా చేసేవారు, ఎవరి ముఖాన్ని వేషంగా వాడారో వాళ్లకు ఇది నవ్వు తెప్పించలేదు అని రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్లడం నయం. ఉపన్యాసం దాకా వెళితే పిల్లలు ఇక మనతో కూర్చుని చూడరు.

మొదటి పూటకు ఏం పెట్టాలో తేలక ఆగిపోయేవారికి నా కూర్పు ఇది: కాన్వే దంతవైద్యుడు, ఆ వెంటనే వింత నడకలు, చేపల నృత్యం, బీన్ పరీక్ష, చివర మపెట్ షోలోంచి ఒక పిగ్స్ ఇన్ స్పేస్. అరగంటకు కాస్త అటూ ఇటూ. వీటిలో దేనికి ఎక్కువ నవ్వారో చూసుకుంటే తర్వాత ఏ షో వైపు వెళ్లాలో తెలిసిపోతుంది. దంతవైద్యుడైతే బర్నెట్, నడకలైతే పైథాన్ ఏరికూర్పు, పందులైతే మపెట్ మొత్తం. ఏదానికీ నవ్వకపోతే బలవంతపెట్టకుండా ఏడాది ఆగి అవే మళ్లీ పెట్టి చూడండి. ఈ వయసులో ఏడాదికి పిల్లల హాస్యరుచి గుర్తుపట్టలేనంతగా మారుతుంది.